మ్యాగ్నెటిక్ నెయిల్ పాలిష్: ఇంట్లోనే క్యాట్ ఐ, వెల్వెట్ డిజైన్లు వేసుకునే పద్ధతి

మ్యాగ్నెటిక్ నెయిల్ పాలిష్ కొనుక్కొచ్చి, పది వేళ్లకూ వేసుకుని, బాగా ఆరబెట్టుకుని, అప్పుడు తీరిగ్గా మ్యాగ్నెట్ చేతిలోకి తీసుకునేవాళ్లు చాలామంది. ఎంతసేపు పట్టుకున్నా గోరు మీద డిజైన్ ఏమీ రాదు. డూప్లికేట్ మాల్ అంటగట్టాడని షాపతన్ని తిట్టుకుంటారు. చాలాసార్లు సీసాలో తప్పేమీ ఉండదు. ఈ పాలిష్‌తో చేయాల్సిన అసలు పనంతా అది తడిగా ఉన్న అర నిమిషం, నిమిషంలోనే అయిపోవాలి. ఆరిపోయాక ఎంత ఖరీదైన మ్యాగ్నెట్ పెట్టినా అది వట్టి మెరుపు రంగే.

అందుకే ఆ నిమిషం గురించే ఇందులో ఎక్కువ చెబుతాను. గోళ్లు కత్తిరించుకోవడం, బేస్ కోట్ వేసుకోవడం లాంటివి మీకు ఎలాగూ తెలుసు కాబట్టి వాటిని త్వరగా దాటేస్తాను. మా నల్గొండ వైపు పెళ్లిళ్ల సీజన్‌లో, బతుకమ్మ ముందు ఇంట్లో అక్కచెల్లెళ్లు, వదినలు వరుసగా చేతులు చాపి కూర్చుంటారు. అలాంటప్పుడు ఒకరికొకరు వేసుకోవడానికి పార్లర్ అక్కర్లేని పని ఇది.

సీసా లోపల ఏముంది

మామూలు నెయిల్ పాలిష్‌లో రంగు, పొరగా గట్టిపడే పదార్థం, త్వరగా ఆవిరైపోయే ద్రావకం ఉంటాయి. మ్యాగ్నెటిక్ పాలిష్‌లో వీటికి తోడు కంటికి విడిగా కనిపించనంత సన్నటి, ఇనుముతో కూడిన రేణువులు కలుపుతారు. రంగు తడిగా ఉన్నంతసేపు అవి అందులో కదలగలవు, తిరగగలవు. పైన మ్యాగ్నెట్ పెడితే దాని బలరేఖలు ఎటు పోతున్నాయో అటు మళ్లుతాయి.

రేణువు గోరు మీద పడుకున్నట్టు ఉంటే దాని మీద వెలుగు పడి మన కంటికి తిరిగొస్తుంది. అక్కడ మెరుపు. రేణువు నిలువుగా లేచి నిలబడితే మనకు దాని అంచు మాత్రమే కనబడుతుంది, సందులోంచి అడుగు రంగు కనబడుతుంది. అక్కడ ముదురు. ఈ మెరుపు, ముదురు పక్కపక్కన పడటమే డిజైన్. చేయి అటూ ఇటూ తిప్పితే గీత గోరు మీద జరుగుతున్నట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. మన కంటికీ రేణువుకూ మధ్య కోణం మారుతుంది, అంతే.

గీత అంచు ఎప్పుడూ కత్తితో కోసినట్టు రాదు. పోచంపల్లి ఇక్కత్‌లో పువ్వు అంచు పక్క రంగులోకి కొంచెం పారినట్టు ఉంటుంది చూడండి, దీని అందం కూడా అలాంటిదే. గోరు మీద అచ్చు గుద్దే స్టాంపింగ్‌లోలాగా పదునైన గీత కావాలనుకునేవాళ్లకు ఈ పాలిష్ నచ్చదు. అది ముందే తెలుసుకుని కొనడం మంచిది.

ఏం కొనాలి, ఎలా పరీక్షించాలి

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా కంగన్ హాల్‌లో అడిగితే మెరిసే పాలిష్‌లు ఓ ట్రే నిండా ముందు పెడతారు. అందులో గ్లిట్టర్ ఉంటుంది, క్రోమ్ ఉంటుంది, మెటాలిక్ ఉంటుంది. అవేవీ మనకు పనికిరావు. సీసా మీద మ్యాగ్నెటిక్ అని గానీ క్యాట్ ఐ (పిల్లి కన్నులోలా మెరుపు గీత వచ్చేది) అని గానీ ఉండాలి. రాసి ఉన్నా నమ్మకం కుదరకపోతే చిన్న మ్యాగ్నెట్ ఒకటి పర్సులో వేసుకుని వెళ్లండి. సీసాను అరచేతుల మధ్య దొర్లించి గాజుకు మ్యాగ్నెట్ ఆనించండి. లోపల మెరుపు గీతలా పేరుకుంటే అసలైనదే. సీసాకు బయట రంగు పూసి ఉంటే ఈ పరీక్ష కుదరదు, మూత తీసి కుంచెతో ప్లాస్టిక్ ముక్క మీద ఒక చుక్క వేసి చూడాలి. అలా చూపించడానికి ఒప్పుకోని షాపులో కొనకపోతేనే నయం.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఒకటి గట్టిగా చూసుకోవాలి. క్యాట్ ఐ పేరుతో కనిపించేవాటిలో చాలావరకు జెల్ పాలిష్‌లు. జెల్ గాలికి ఆరదు, దానికి యూవీ లేదా ఎల్ఈడీ ల్యాంప్ ఉండాల్సిందే. ల్యాంప్ లేకుండా జెల్ వేసుకుంటే గంట తర్వాత కూడా జిగటగానే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా మామూలుగా గాలికి ఆరే రకమే. ఖర్చు తక్కువ, నచ్చకపోతే రిమూవర్‌తో తుడిచేయొచ్చు. జెల్ గురించి కింద విడిగా రాశాను.

ఇక మ్యాగ్నెట్. 2011, 2012 ప్రాంతంలో ఈ పాలిష్‌లు బాగా ప్రచారంలోకి వచ్చినప్పుడు మ్యాగ్నెట్ సీసా మూతలోనే ఉండేది. ఇప్పుడు విడిగా కర్రలాంటివి, పెన్నులాంటివి, గుర్రపు నాడా ఆకారంలోవి దొరుకుతున్నాయి. ఒక చివర బద్దలా, ఇంకో చివర గుండ్రంగా ఉండే పెన్ను రకం కొంటే సగం డిజైన్లకు అదే చాలు. నియోడిమియం మ్యాగ్నెట్ అయితే చిన్నదైనా బలం ఎక్కువ.

కొనకముందు ఇంట్లో వెతికినా ఏదో ఒకటి దొరుకుతుంది. పాడైన ఇయర్‌ఫోన్ విప్పితే లోపల బిళ్లలాంటి బుల్లి మ్యాగ్నెట్ ఉంటుంది, దాంతో గోరు మధ్యలో గుండ్రటి మచ్చ వస్తుంది. పాత స్పీకర్‌లోని నల్ల రింగు పెద్దది, దాని అంచుతో గీత లావుగా, మెత్తగా వస్తుంది. ఫ్రిజ్‌కు అంటించే రబ్బరు షీటు లాంటి మ్యాగ్నెట్‌లో ధ్రువాలు చారలు చారలుగా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, అందుకే గోరు మీద కూడా సన్నటి చారలు పడతాయి. కాకపోతే దాని బలం చాలా దగ్గర్లోనే పనిచేస్తుంది, ఇంచుమించు రంగును తాకేంత దగ్గరగా తేవాలి.

ఏ మ్యాగ్నెట్ ఏ డిజైన్ ఇస్తుందో గోరు పాడుచేసుకోకుండా తెలుసుకునే దారి ఉంది. మ్యాగ్నెట్ మీద తెల్ల కాగితం పెట్టి, వెల్డింగ్ షాపులో గ్రైండర్ కింద పడే ఇనుప రజను కొంచెం చల్లి, కాగితాన్ని వేలితో తట్టండి. బడిలో చేయించే ప్రయోగమే. రజను పేర్చుకున్న తీరు చూస్తే గోరు మీద రేణువులు ఎటు తిరుగుతాయో అంచనా దొరుకుతుంది. ఇంకా నమ్మకమైనది, ఐస్‌క్రీమ్ డబ్బా మూత మీద పాలిష్ చుక్కలు వేసి ఒక్కో చుక్కకు ఒక్కో రకంగా మ్యాగ్నెట్ పట్టి చూడటం. కొన్ని మ్యాగ్నెట్లకు సరిగ్గా వాటి కిందే మెరుపు గీత పడుతుంది, కొన్నింటికి కింద ముదురు గీత పడి రెండు పక్కలా మెరుస్తుంది. మీ చేతిలోది ఏ రకమో ముందే తెలియాలి.

గోళ్లు సిద్ధం చేసుకోవడం

పాత రంగు తీసేయండి, ఆకారం ఒకే వైపుకు ఫైల్ చేయండి, గోరు మొదట్లో చర్మాన్ని మెల్లగా వెనక్కి నెట్టండి. కత్తిరించొద్దు. నూనె రాసుకున్న చేతులైతే దూదికి కొంచెం రిమూవర్ అద్ది గోళ్లు తుడవండి, లేకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. గోరుచుట్టు ఉన్న వేలికి మాత్రం తగ్గేదాకా ఏమీ వేయొద్దు.

బేస్ కోట్ పలచగా ఒకటి. ముదురు రంగులు గోరుకు పసుపు మరక పట్టిస్తాయి, అది ఆపడానికే ఇది. మైదాకు పెట్టుకున్న గోళ్ల మీద వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, కింద ముదురు రంగు వేస్తే మైదాకు ఎరుపు కనిపించదు.

ఆ ముదురు రంగే చాలామంది వదిలేసే మెట్టు. మ్యాగ్నెటిక్ పాలిష్‌లు కొన్ని చూడటానికి ముదురుగా ఉన్నా వేస్తే పలచగా ఉంటాయి. కింద నల్ల రంగు మామూలు పాలిష్ ఒక కోటు వేసి పూర్తిగా ఆరనిస్తే గీత ఎంతో స్పష్టంగా లేస్తుంది. ముదురు చోట్ల నిజంగా ముదురు కనబడుతుంది కాబట్టి మెరుపు ఇంకా మెరుపుగా ఉంటుంది. నలుపు మరీ ఎక్కువనిపిస్తే మెరూన్, నేవీ బ్లూ వేయొచ్చు. ఒకే సీసాలోని రంగు నలుపు మీద ఒకలా, మెరూన్ మీద ఇంకోలా కనిపిస్తుంది. రెండు వేళ్లకు రెండు రకాలు వేసి పోల్చుకుని మీకేది నచ్చుతుందో చూసుకోండి.

ఆ నిమిషం

ముందు సీసాను అరచేతుల మధ్య బాగా దొర్లించండి. రేణువులు బరువైనవి, అడుగున దిగిపోతాయి. దొర్లించకపోతే మొదటి నాలుగు గోళ్లకు వట్టి రంగు, చివరికి సీసాలో వట్టి రజను మిగులుతుంది. పైకీ కిందకీ గట్టిగా ఊపితే గాలి బుడగలు చేరతాయి, అవి గోరు మీద పొక్కుల్లా ఆరతాయి.

మ్యాగ్నెటిక్ రంగు మొదటి కోటు పలచగా పది గోళ్లకూ వేసి ఆరనివ్వండి. దీనికి మ్యాగ్నెట్ అక్కర్లేదు. డిజైన్ వచ్చేది రెండో కోటులో. రెండో కోటు మందంగా, కుంచె నిండా తీసుకుని వేయాలి. మామూలు పాలిష్‌కు అందరూ చెప్పే పలచ కోట్ల సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. పొర పలచగా ఉంటే రేణువులు తిరగడానికి చోటు ఉండదు, పైగా అది మీరు మ్యాగ్నెట్ అందుకునేలోపే గట్టిపడుతుంది. మందం అంటే గోరు అంచుల నుంచి పక్కలకు కారేంత కాదు. కుంచె మూడు సార్లు లాగితే గోరు నిండి, పైన నునుపుగా తడి మెరుస్తూ ఉండాలి.

ఒక్క గోరుకు వేయండి, వెంటనే మ్యాగ్నెట్ పట్టండి. అది అయ్యాక రెండో గోరు. ఐదు వేళ్లకు వేసి మళ్లీ మొదటి వేలికి వద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం.

మ్యాగ్నెట్‌కూ గోరుకూ మధ్య ఎడం అగ్గిపుల్ల మందం, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. బలమైన నియోడిమియం అయితే 4, 5 మిల్లీమీటర్ల దూరంలో కూడా పనిచేస్తుంది. దూరం పెరిగితే గీత వెడల్పై మసకబారుతుంది, దగ్గరైతే సన్నబడి పదునవుతుంది. మరీ దగ్గరైతే చేయి వణికి రంగుకు తగులుతుంది, ఆ గోరు మళ్లీ మొదటికొస్తుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. తల తీసేసిన అగ్గిపుల్ల ముక్కలు మ్యాగ్నెట్ రెండు చివర్లా టేపుతో అంటించండి. అవి వేలి పక్క చర్మం మీద ఆనుతాయి, మధ్యలో మ్యాగ్నెట్ గోరుకు తగలకుండా నిలుస్తుంది. గోరు బాగా వంపు తిరిగి ఉంటే రెండేసి ముక్కలు పెట్టుకోవాలి.

రంగు వేసుకున్న చేయి మణికట్టు కింద మడిచిన దస్తీ ఒకటి పెట్టుకోండి. మ్యాగ్నెట్ పట్టిన చేతి చిటికెన వేలు బల్ల మీద ఆనాలి. గాల్లో పట్టుకుంటే పది సెకన్లు గడవకముందే చేయి జరుగుతుంది, గీత పక్కకు పాకుతుంది. ఇరవై నుంచి నలభై సెకన్లు కదలకుండా పట్టండి. పాలిష్ చిక్కగా ఉంటే తక్కువ చాలు, నీళ్లగా ఉంటే నిమిషం దాకా పట్టాలి. మ్యాగ్నెట్‌ను పక్కకు జరుపుతూ తీయొద్దు, గీత కూడా దాంతోపాటు వస్తుంది. నేరుగా పైకి ఎత్తండి.

ఎత్తిన తర్వాత ఆ గోరునే అయిదారు సెకన్లు చూస్తూ ఉండండి. గీత కరుగుతున్నట్టు, వెడల్పవుతున్నట్టు అనిపిస్తే పొర ఇంకా తడిగా ఉందన్నమాట. మళ్లీ అదే చోట, అదే కోణంలో పట్టండి. ఒకసారి కుదిరిన గీత కాసేపటికి మాయమైందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది చేసే పని మ్యాగ్నెట్‌ను తొందరగా తీసేయడమే.

కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు కుడిచేతికి వేసుకోవడం కష్టం. ఎడమ చేత్తో మ్యాగ్నెట్ నిలకడగా పట్టలేరు. అలాంటప్పుడు మ్యాగ్నెట్‌ను పట్టుకోవడమే మానేయండి. నాలుగైదు లావుపాటి పుస్తకాలు దొంతరగా పెట్టి, పై పుస్తకం అట్ట అంచు నుంచి మ్యాగ్నెట్ బయటికి ఉండేలా టేపుతో అంటించండి. రంగు వేసిన వేలును దాని కిందికి తెచ్చి బల్ల మీద ఆనించి ఉంచండి. ఎత్తు సరిపోకపోతే వేలి కింద ఇంకో పుస్తకం. ఈ ఏర్పాటు ఒకసారి చేసుకుంటే రెండు చేతులకూ ఒకే రకంగా వస్తుంది.

డిజైన్లు

క్యాట్ ఐ అన్నిటికన్నా సులువు. బద్ద మ్యాగ్నెట్‌ను గోరు మీద ఏటవాలుగా పట్టాలి. చిటికెన వేలి వైపు గోరు మొదలు నుంచి బొటనవేలి వైపు కొస దాకా గీత పోయేలా రెండు చేతులకూ పెట్టుకుంటే, రెండు చేతులు పక్కపక్కన పెట్టినప్పుడు ఎదురెదురుగా చక్కగా కనిపిస్తుంది. మ్యాగ్నెట్ కోణం మాత్రం ప్రతి వేలికీ ఒకేలా ఉండాలి. వేళ్లు సహజంగా విసనకర్రలా విడిపోయి ఉంటాయి కాబట్టి, బల్లను చూసి కాకుండా ఆ గోరును చూసి కోణం పెట్టుకోండి.

నిలువు గీత కావాలంటే బద్దను వేలు పొడవునా పట్టండి. చిన్న, వెడల్పు గోళ్లకు ఇదే నప్పుతుంది, గోరు పొడుగ్గా కనిపిస్తుంది. అడ్డంగా గీత పెడితే పొట్టిగా కనిపిస్తుంది కాబట్టి పొట్టి గోళ్లకు నేను ఆ పని చెప్పను.

వెల్వెట్ అంటే గీత లేకుండా గోరంతా మఖ్మల్ గుడ్డలా ఒకే రకంగా మెరవడం. దీనికి రేణువులన్నీ పడుకోవాలి, అంటే బలరేఖలు గోరు మీదుగా అడ్డంగా పోవాలి. రెండు మ్యాగ్నెట్లను వేలికి చెరో పక్క, గోరు ఎత్తులో, ఒకదానినొకటి లాగే ముఖాలు ఎదురెదురుగా ఉండేలా పట్టండి. గుర్రపు నాడా మ్యాగ్నెట్ ఉంటే వేలిని దాని రెండు కాళ్ల మధ్య పెడితే చాలు. ఒకటే మ్యాగ్నెట్ ఉంటే సెంటీమీటరు దూరంలో గోరుకు ఎడమ పక్క కొన్ని సెకన్లు, కుడి పక్క కొన్ని సెకన్లు, కొస దగ్గర కొన్ని సెకన్లు పట్టుకుంటూ తిప్పాలి. పైనుంచి మాత్రం పట్టొద్దు, గీత పడిపోతుంది. రెండు బలమైన మ్యాగ్నెట్లు వాడేటప్పుడు అవి చటుక్కున అతుక్కుని మధ్యలో చర్మాన్ని నొక్కేస్తాయి, గట్టిగా పట్టుకోవాలి.

గుండ్రటి మ్యాగ్నెట్‌ను గోరు నడిమధ్యలో నేరుగా పైన పెడితే చంద్రబింబంలాంటి మచ్చ, చుట్టూ వలయం వస్తాయి. వేళ్లన్నిటికీ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఉంగరపు వేలికి ఒక్కదానికి పెట్టి మిగతావాటికి క్యాట్ ఐ పెడితే బాగుంటుంది.

కొసన మెరుపు కోసం మ్యాగ్నెట్‌ను వేలి కింద నుంచి, కొస దగ్గర పట్టొచ్చు. వేలు మ్యాగ్నెట్‌కు అడ్డం కాదు. కానీ కండ మందం దాటి రావాలి కాబట్టి నియోడిమియం లాంటి బలమైనదే ఉండాలి. దీనిలో రంగుకు మ్యాగ్నెట్ తగిలే భయం లేదు.

పువ్వు, నక్షత్రం లాంటివి బద్ద అంచును కోణాలు మారుస్తూ మూడు నాలుగు సార్లు చూపించి తెస్తారు. గాలికి ఆరే పాలిష్‌లో అంత సమయం దొరకదు, సగంలో గట్టిపడుతుంది. జెల్ ఉంటే ప్రయత్నించండి.

టాప్ కోట్ దగ్గర పోయేది ఎక్కువ

డిజైన్ బాగా కుదిరాక టాప్ కోట్ వేయగానే మసకబారిందనే ఫిర్యాదు చాలా మామూలు. టాప్ కోట్‌లోని ద్రావకం కింది పొరను మళ్లీ మెత్తబరుస్తుంది, రేణువులు మళ్లీ వదులవుతాయి. కుంచె ఒత్తితే గీతనే చెరిపేస్తుంది. కాబట్టి మ్యాగ్నెట్ తీసిన గోరును కనీసం పది నిమిషాలు వదిలేయండి. తర్వాత టాప్ కోట్ నిండుగా తీసుకుని, కుంచె వెంట్రుకలు రంగును గీకకుండా, ద్రవం మాత్రమే జారేలా ఒక్కో లాగులో వేయండి. గోరు కొస అంచుకు కూడా కుంచె తగిలించండి, లేకపోతే అక్కడి నుంచే చిట్లుతుంది.

టాప్ కోట్ వేసిన వెంటనే అదే చోట మ్యాగ్నెట్‌ను ఇంకో పది పదిహేను సెకన్లు పట్టండి. కింద వదులైన రేణువులు తిరిగి వాటి వరుసలోకి వస్తాయి. ఈ ఒక్క పని చేసిన చేతికీ చేయని చేతికీ తేడా గదికి అవతలి నుంచి కూడా తెలుస్తుంది. మ్యాట్ టాప్ కోట్ మాత్రం దీనికి వద్దు, మెరుపు మీద పొగ పట్టినట్టు అవుతుంది.

చుట్టూ చర్మానికి అంటిన రంగును టాప్ కోట్‌కు ముందే తుడవాలి. పాత పెయింటింగ్ బ్రష్‌ను రిమూవర్‌లో ముంచి, అంచుకు అద్ది పిండి, గోరు చుట్టూ ఒకసారి తిప్పితే శుభ్రంగా వస్తుంది.

ఎండ, ఫ్యాను, ఇంటి పని

మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి ద్రావకం గబగబా ఆవిరవుతుంది, మనకు దొరికే నిమిషం సగమవుతుంది. ఎండాకాలం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వేసుకోండి. సీసాను కిటికీలో, స్కూటీ డిక్కీలో వదిలేయొద్దు. చలికాలం పొద్దున దీనికి ఎదురు, పాలిష్ చిక్కబడి నెమ్మదిగా కదులుతుంది. మూత బిగించిన సీసాను కాసేపు పిడికిట్లో పట్టుకుంటే చాలు, పొయ్యి దగ్గరికి తీసుకెళ్లకూడదు.

ఫ్యాను కింద అసలు వేసుకోవద్దు. గాలికి పైన పొర ముందే కట్టేస్తుంది, లోపల తడి ఉండిపోతుంది. రేణువులు సరిగా తిరగవు, తర్వాత బుడగలు కూడా లేస్తాయి. కిటికీ తెరిచి, ఫ్యాను ఆపి కూర్చోండి. వాసన బయటికి పోవాలి కాబట్టి తలుపులన్నీ మూసుకోవడం కూడా తప్పే.

చిక్కబడిన సీసాలో రిమూవర్ పోసి కలపడం ఇళ్లలో అలవాటు. రంగు విరిగిపోతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు మూడు చుక్కలు చాలు.

పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. రాత్రి భోజనాలు, గిన్నెలు అన్నీ అయ్యాక వేసుకుంటే తెల్లారేసరికి గట్టిపడుతుంది, కాకపోతే పడుకోవడానికి రెండు గంటల ముందైనా ముగించాలి, లేకపోతే దుప్పటి గీతలు గోరు మీద అచ్చవుతాయి. అంట్లు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకుంటే ఐదారు రోజులు నిలుస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో నల్లటి మెరుపు మీద తెల్లగా పొర కడుతుంది, తడి చేతులు వెంటనే తుడుచుకుంటే అది ఉండదు.

బతుకమ్మకు గునుగు పూలు రంగుల్లో ముంచే పని మీదే అయితే అది అయ్యాకే పాలిష్ పెట్టుకోండి. పెళ్లికూతురికి మైలపోలు అయ్యాక, అంటే పసుపు పని ముగిశాక వేయాలి. సంక్రాంతికి సకినాలు చుట్టేవాళ్లు, పత్తి ఏరడానికి పోయేవాళ్లు చేతులకు వేసుకున్నా కొసలు నిలవవు. పత్తికాయ ఎండిన రెక్కలు గోరును ఎట్లా గీరుతాయో ఏరినవాళ్లకు తెలుసు. మా చిన్నమ్మను చేయి పెట్టమంటే "చేన్ల పనిచేసే చేతులకు గివన్నీ ఎందుకే" అన్నది. "అయితే కాళ్లకు పెడతా చిన్నమ్మా" అంటే కాదనలేదు. కాలి బొటనవేలి గోరు వెడల్పుగా ఉంటుంది కాబట్టి గీత చేతి గోళ్లకంటే కాళ్లకే నిండుగా కనిపిస్తుంది, రోజులూ ఎక్కువ నిలుస్తుంది.

చీరకు తగ్గట్టు

పోచంపల్లి చీరలో ఇప్పటికే డిజైన్ నిండుగా ఉంటుంది. దాని మీదికి గోళ్లకు గుండ్రాలు, చారలు పెడితే కళ్లు చెదురుతాయి. ఒకే రంగు, సన్నటి క్యాట్ ఐ గీత చాలు. నారాయణపేట చీర నిండు రంగు మీద అంచు ప్రధానంగా ఉంటుంది, దానికి అంచు రంగులో వెల్వెట్ పెడితే అదిరిపోతుంది. గద్వాల చీర జరీ అంచుకు బంగారు రంగు మ్యాగ్నెటిక్ పాలిష్ మెరూన్ అడుగు మీద వేసి చూడండి. వెండి రంగు మాత్రం జరీ పక్కన వెలవెలబోతుంది. ఇక ఫొటోల కోసమే వేసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఈ మెరుపు ఒక్క వైపు నుంచి పడే వెలుగులోనే కనిపిస్తుంది. ట్యూబులైటు కింద మామూలుగా ఉన్న గోరు, సాయంత్రం ఎండలో గానీ ఒక్క బల్బు కింద గానీ తిప్పితే వెలుగుతుంది.

జెల్ వేసుకునేవాళ్లకు

జెల్‌తో ఉన్న సుఖం ఏమిటంటే ల్యాంప్ కింద పెట్టేదాకా అది ఆరదు. మ్యాగ్నెట్ ఎంతసేపైనా పట్టొచ్చు, నచ్చకపోతే కుంచెతో సవరించి మళ్లీ పట్టొచ్చు. జెల్ బేస్ కోట్ ల్యాంప్‌లో గట్టిపరిచి, నలుపు కోటు వేసి గట్టిపరిచి, మ్యాగ్నెటిక్ కోటు వేసి డిజైన్ తెచ్చాక ఆ ఒక్క వేలిని వెంటనే ల్యాంప్‌లో పెట్టాలి. ఆలస్యం చేస్తే రేణువులు మెల్లగా వెనక్కి సర్దుకుంటాయి. ఇంట్లో వాడే ల్యాంపులకు సాధారణంగా అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది, సీసా మీద రాసిన సమయమే పాటించండి. చివర జెల్ టాప్ కోట్.

గట్టిపడని జెల్ చర్మానికి అంటితే కొందరికి అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక అది జీవితాంతం ఉండొచ్చు. అంటిన వెంటనే తుడిచేసి ఆ తర్వాతే ల్యాంప్‌లో పెట్టాలి. జెల్ గట్టిపడటానికి వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. సీసా మీద టీపీఓ లేదని రాసి ఉన్నవి ఇప్పుడు దొరుకుతున్నాయి, అవే తీసుకోండి. ల్యాంప్ నుంచి యూవీ వస్తుంది కాబట్టి వేళ్ల కొసలు కత్తిరించిన పాత గ్లౌజు తొడుక్కుంటే మంచిది.

ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

బుల్లి నియోడిమియం మ్యాగ్నెట్లు చూడటానికి చాక్లెట్ బిళ్లల్లా ఉంటాయి. పిల్లలు రెండు మింగితే పేగు గోడలకు అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పని కాగానే మ్యాగ్నెట్లను మూత ఉన్న డబ్బాలో, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఆ డబ్బా పాలిష్ సీసాల పక్కన ఉండకూడదు, లోపలి రేణువులు ఒక వైపుకు చేరి గడ్డకడతాయి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గర మ్యాగ్నెట్లు తేవద్దు, కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. పాలిష్, రిమూవర్ రెండూ చటుక్కున అంటుకునేవి. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

ఎమ్మారై స్కాన్ ఉంటే ముందు రోజే ఈ పాలిష్ పూర్తిగా తీసేయాలి. ఇందులో ఇనుము ఉంది, ఎమ్మారై యంత్రం మహా బలమైన మ్యాగ్నెట్. ఆపరేషన్‌కు, కాన్పుకు వెళ్లేవాళ్లు కూడా తీసేసుకుని వెళ్లండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ రీడింగ్‌ను ముదురు రంగులు తప్పుగా చూపించగలవు, ఆ హడావుడిలో రిమూవర్ కోసం వెతకడం ఇంకో టెన్షన్.

తీసేటప్పుడు

దూదిని రిమూవర్‌లో తడిపి గోరు మీద పెట్టి అర నిమిషం నొక్కి ఉంచండి. తర్వాత గోరు మొదలు నుంచి కొస వైపుకు ఒక్క లాగు. గుండ్రంగా రుద్దితే నల్లటి రజను చర్మం గీతల్లోకి దిగుతుంది, రెండు రోజులు వేళ్లు మెకానిక్ చేతుల్లా కనిపిస్తాయి. ప్రతి గోరుకూ కొత్త దూది వాడండి. మిగిలిన రజనును సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో తోమితే పోతుంది. తర్వాత గోళ్లకు, చుట్టూ చర్మానికి కొబ్బరినూనె రాయండి, రిమూవర్ తడినంతా లాగేస్తుంది.

జెల్ అయితే ముందు పైన మెరుపు పొరను ఫైల్‌తో గీకి, అసిటోన్‌లో తడిపిన దూది పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచండి. మెత్తబడి లేచినంత వరకే కర్రపుల్లతో నెట్టండి. లేవని చోట గోకొద్దు, మళ్లీ చుట్టి ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే అదే వస్తుంది.